పక్క సీటు మర్యాద

"ఎడారికి పనికొచ్చే షాకబ్సర్లు ఉన్నయా భాయ్?"

మలక్‌పేటలో స్పేర్ పార్టుల దుకాణం తెరిచాక ప్రేమ్‌రాజ్‌ను ఈ మాట అడిగినవాడు లేడు. అడిగిన వైకుంఠాన్ని, సంచీ పట్టుకుని పక్కన నిలబడ్డ అతని భార్య ఆండాలును, బయట దుమ్ము కొట్టుకుపోయి ఉన్న వాళ్ల పికప్పును వరసగా చూశాడు.

"ఏ ఎడారన్నా? రాజస్థానా, దుబాయా?"

"మా గల్లీ," అంది ఆండాలు. "ఇసుకున్నది, రాళ్లున్నయి, గుంతలున్నయి. ఒంటెలే తక్కువ."

వైకుంఠం ఆ మాట విననట్టు ఫోను తీసి వీడియో చూపించాడు. ఎవడో ఎడారిలో పికప్పును ఉరికిస్తున్నాడు. పక్క సీటులో ఇంకొకడు తీరిగ్గా గడ్డం గీసుకుంటున్నాడు. ఎక్కడా తెగలేదు.

"గిట్ల కావాలె. పక్కన కూసున్న మనిషికి తెల్వద్దు."

"ఏం తెల్వద్దు?"

"ఏదీ తెల్వద్దు."

ప్రేమ్‌రాజ్ రెండు రకాలు తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. మామూలువి ఎగుడుదిగుడు నేల మీద అదేపనిగా తిరిగితే లోపలి నూనె కాగి, నురగ కట్టి, పని మానేస్తాయట. రెండోవాటికి పక్కన వేరే డబ్బా ఉంది. నూనె అందులోకి పోయి చల్లబడి వస్తుందట. మరీ గట్టివి వేస్తే రాయి తగలగానే బండి ఎగురుతుంది. మరీ మెత్తవి వేస్తే గుంతలో కూలబడుతుంది. ఆడబిడ్డతో మసులుకున్నంత జాగ్రత్తగా ఎంచుకోవాలన్నమాట.

"ఎంత దూరం పోవాలన్నా?"

"అర కిలోమీటరు."

ప్రేమ్‌రాజ్ మామూలువాటిని ముందుకు జరిపాడు. వైకుంఠం వాటిని వెనక్కి తోశాడు.

"రేపు ఒక పెద్దమనిషి ఎక్కుతడు. ఆయనకు ఒక్క కుదుపు తగిలినా నా బతుకు ఆగమైతది."

"నడుం నొప్పి మనిషా?"

"గుండ్రాయి లెక్కుంటడు."

"కాబోయే అల్లుడా మరి?"

"అల్లుడైతే గింత ఫికర్ ఎందుకన్నా," అంది ఆండాలు. "అలిగినా మళ్ల వస్తడు."

ప్రేమ్‌రాజ్‌కు వాళ్ల మీద జాలేసింది. "గసొంటి రోడ్డేసినోనికి గొంతుల ముద్ద ఎట్ల దిగుతదో అక్కా."

"మంచిగనే దిగుతది," అంది ఆండాలు. "పప్పుల జరంత నెయ్యి పడితే ఇంకో ముద్ద గూడ దిగుతది."

వైకుంఠానికి పొలమారింది. డబ్బా ఉన్నవే బిగించమన్నాడు.

సాయంత్రానికి బిగింపు అయింది. పనితనం చూసుకోవాలని ప్రేమ్‌రాజ్ తనే పక్క సీటులో కూర్చున్నాడు. బండి పాతబస్తీలోకి మళ్లింది. కబుర్లు సాగుతున్నాయి.

"మీ గల్లీ ఎప్పుడొస్తదన్నా?"

"దాటినం."

ప్రేమ్‌రాజ్ వెనక్కి తిరిగి చూశాడు. ఒక ఆటో గుంతలో దిగబడి ఉంది. డ్రైవరు దిగి, ఊడిపోయిన చెప్పు కోసం వెతుక్కుంటున్నాడు.

మర్నాడు పొద్దున ఆ పెద్దమనిషి రానే వచ్చాడు. కారు పెద్దరోడ్డు మీదే ఆపించి, వైకుంఠం ఎదురెళ్లాడు.

"మీ కారెందుకు సార్ గల్లీలకు, మన బండి ఉండంగ."

తలుపు తీసి, సీటు మీద తువ్వాలు పరిచి కూర్చోబెట్టాడు. గల్లీ ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి, మళ్లీ వెనక్కి ఒకసారి. వైకుంఠం ఊపిరి బిగబట్టి నడిపాడు. గుమ్మంలో నిలబడ్డ ఆండాలుకు, పెద్దమనిషి తల ఒక్క వేలెడు కూడా కదలకుండా వెళ్లి రావడం కనిపించింది.

బండి దిగి ఆయన ఆవులించాడు.

"జరసేపైతే కన్నంటుకుంటుండెనయ్యా."

వైకుంఠం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెద్దమనిషి పెన్ను తీసి, కొత్త రోడ్డు అద్దంలా ఉందని రాసి, ఇంజినీరు అన్నచోట సంతకం చేసి, కాంట్రాక్టరు అన్నచోట పెట్టమని కాగితాన్ని వైకుంఠానికి అందించాడు.