ముప్ఫై ఒక్క బొట్టుబిళ్ళలు

మా పాత సింథసైజర్ మీద ముప్ఫై ఒక్క బొట్టుబిళ్ళలుండేవండి.

ఎర్రవి ఫ్లూటుకి, ఆకుపచ్చవి సన్నాయికి, నీలంవి గాలిహోరుకి. ఏ సౌండు కావాలంటే ఆ రంగు బిళ్ళల దగ్గరికి నాబ్‌లు తిప్పాలి.

అంటించింది నేనే.

పంతొమ్మిది వందల ఎనభై ఏడులో సెబాస్టియన్ గారు ఫ్రాన్సు నుంచి తెచ్చిచ్చారు దాన్ని. ఆయన తమ్ముడు ఫ్రాన్సిస్ అన్నయ్యగారు మా ఆర్కెస్ట్రాలో పాడతారు. మా ఆయన బుల్లబ్బాయిగారు వాయిస్తారు. పగలు యానాంలో రేడియో రిపేరు షాపు, సాయంత్రాలు పెళ్ళిళ్ళు.

దానికి మెమరీ లేదు. ఏ సౌండునీ గుర్తుపెట్టుకోదు. పైగా ఆన్ చేసి అరగంట వేడెక్కనివ్వకపోతే శ్రుతి జారిపోతుంది. కాఫీ పడందే నోరు విప్పని మా ఆయనకి సరిజోడు.

ఆయన రెండు చేతులూ కీబోర్డు మెట్ల మీదే ఉంటాయి కదా. అందుకని పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని నాబ్‌లు నేను తిప్పేదాన్ని. చిలకపచ్చ పట్టుచీర, జడలో కనకాంబరాలు. మా అత్తగారైతే, వాయించేది వాడా నువ్వా అనేది.

ఒకసారి దరియాలతిప్పలో మా బంధువుల పెళ్ళి. చెమటకి ఒక ఆకుపచ్చ బిళ్ళ ఊడిపోయి ఆయన మోచేతికి అంటుకుపోయింది. పెళ్ళికూతురు స్టేజీ ఎక్కుతుంటే సన్నాయి రావాల్సింది, లాంచీ కూత వచ్చింది.

చటుక్కున సరిచేసి, నా నుదుటి మీది బిళ్ళ తీసి అక్కడ అంటించేశాను.

ముందు వరసలో మా అత్తగారు గుండెలు బాదుకుంది. మొగుడు పక్కనే ఉండగా బొట్టు తీస్తావుటే అని ఇంటికొచ్చేదాకా తిట్టింది.

మా ఆయన మాత్రం మర్నాటి నుంచి చొక్కా జేబులో బిళ్ళల పాకెట్టు పెట్టుకోవడం మొదలెట్టారు.

రెండువేల మూడు క్రిస్మస్‌కి సెబాస్టియన్ గారు మళ్ళీ వచ్చారు. ఈసారి కొత్త సింథసైజర్ తెచ్చారు.

అదే కంపెనీ, అదే పాత మోడలు, మళ్ళీ తయారుచేశారంట. అవే నాబ్‌లు, అవే చోట్ల. కొత్తగా పెట్టింది మెమరీ ఒక్కటే. వంద సౌండ్లు దాచుకుంటుందంట. నెంబరు నొక్కితే చాలంట.

"ఇంక చెల్లెమ్మకి రెస్టు," అన్నారు ఫ్రాన్సిస్ అన్నయ్యగారు.

ఆయన మంచి మనసుతోనే అన్నారు. నాకే గుండెలో కలుక్కుమంది. పదహారేళ్ళు నేను చేసిన పని ఒక నెంబరు చేసేస్తుందా?

మా ఆయన మంచిదేగా అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పది రోజులు షాపులో ఆ కొత్తదాని ముందే కూచున్నారు. సౌండ్లు ఎక్కిస్తున్నానన్నారు. ఆ పది రోజులూ కూరలో ఉప్పు ఓ రోజు ఎక్కువ, ఓ రోజు తక్కువ. అలాగే తినేశారు.

చిలకపచ్చ చీర మడతపెట్టి బీరువా అడుగున పడేశాను. ఆయన గుమ్మంలోంచి చూసి వెళ్ళిపోయారు.

కొత్తదానితో మొదటి ప్రోగ్రాం అడవిపొలంలో, రొయ్యల చెరువుల సూర్యనారాయణగారి అమ్మాయి పెళ్ళి. మోకాలు నొప్పి, నేను రానన్నాను. స్టేజీ ఎక్కొద్దులే, కింద కూచుని విందువుగాని రమ్మన్నారు.

మామూలు నేతచీరలోనే వెళ్ళి ఆడవాళ్ళ మధ్య మూడో వరసలో కూచున్నాను. స్పీకరు డబ్బా అడ్డమొచ్చి ఆయన తల ఒక్కటే కనబడుతోంది.

మొదటి పాటకి ఫ్లూటు చక్కగా పలికింది. అందరూ చప్పట్లు కొట్టారు.

నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది.

రెండో పాట సన్నాయితో మొదలవ్వాలి. మొదలవ్వలేదు. పందిట్లో జనం అటూ ఇటూ చూసుకుంటున్నారు.

మా ఆయన మైకు దగ్గరికి లాక్కున్నారు. ఇన్నేళ్ళలో ఆయన మైకులో ఒక్క మాట మాట్లాడి ఎరగరు.

"లక్ష్మీ, ఓసారి ఇలా రా."

పెళ్ళికొడుకుతో సహా అందరూ నా వైపే తిరిగారు. సిగ్గుతో చచ్చిపోతూ స్టేజీ ఎక్కాను.

ఫ్రాన్సిస్ అన్నయ్యగారు కంగారుగా రెండో నెంబరు నొక్కమ్మా అన్నారు. నొక్కాను. కుయ్యిమంది. మూడు నొక్కితే అదే కుయ్యి. నాలుగూ అంతే, పదీ అంతే.

ఒక్క సౌండు కూడా ఎక్కించలేదు మహానుభావుడు. ఆ మొదటి ఫ్లూటు కూడా ముందే నాబ్‌లు తిప్పి పెట్టుకున్నదే.

"పది రోజులూ ఏం ఎక్కించారండీ?" అన్నాను గొంతు తగ్గించి.

ఆయన మెట్ల మీంచి చేతులు తియ్యలేదు. చొక్కా జేబు నా వైపు వంచారు, అంతే.

జేబులో బిళ్ళల పాకెట్టు ఉంది. ఇంకా విప్పనైనా విప్పలేదు.

నాబ్‌లు అవే చోట్ల ఉన్నాయి, నా వేళ్ళకి తెలిసిన చోట్లే. నాలుగు తిప్పేసరికి సన్నాయి పలికింది. ఆగిన చోటల్లా ఒక ఆకుపచ్చ బిళ్ళ అంటించాను. తొందరలో ఒకటి వంకరగా పడింది, పోనీలే అనుకున్నాను.

ఫ్రాన్సిస్ అన్నయ్యగారు పాట అందుకున్నారు. నేను హమ్మయ్య అని మా ఆయన పక్కన కూచున్నాను.

కూచున్నాక తోచింది. కుర్చీ వెయ్యమని నేనెవరికీ చెప్పలేదు.