అవతలి బండ

"మీ ఇళ్ళలో పిల్లలే లేరా? మీ కడుపున పుట్టినవాళ్ళు ఒక్కరైనా ఎక్కారా ఆ బండ? తొమ్మిది యుద్ధాలు! తొమ్మిదిసార్లూ మగదిక్కు లేని కొంపల మీదే పడ్డారు కదయ్యా!"

ఇస్కెనా గుమ్మంలో నిలబడి అరుస్తోంది. గుమ్మానికి అడ్డంగా బూడిద గీత. బండ ఎక్కిన మనిషి తల్లి యుద్ధం తేలేదాకా ఆ గీత దాటకూడదు. పెద్దలు తప్ప ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు.

వీధిలో పోతున్న పెద్దలు ఆగారు. అందరి మూతులూ మేక కొవ్వుతో మెరుస్తున్నాయి.

పెద్ద ఒర్దాన్ ఆమెకి వరసకి మామ. నవ్వాడు. "గొంతు చించుకోకు కోడలా. నీ కూతురి ఆకలి దొరాక్ వాళ్ళ బార్లీ వేళ్ళలోకి దిగుతోంది. ఎంత గొప్ప!"

"అంత గొప్పయితే నువ్వే ఎక్కు మావా. నీ పొట్ట కరగడానికే నెల్లాళ్ళు పడుతుంది. గెలుపు మనదే."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఒర్దాన్ తిరిగి చూసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

ఈ ఊమ్రా వాళ్ళకీ ఏటి అవతలి దొరాక్ వాళ్ళకీ యుద్ధమంటే ఇదే. ఏటికి ఇటొక బండ, అటొక బండ. చెరో మనిషిని నెత్తి నుంచి కాళ్ళ దాకా తెల్ల కంబళి కప్పి కూర్చోబెడతారు. పొద్దున దోసెడు నీళ్ళు, అంతే. ఎవరి మనిషి ముందు చస్తే వాళ్ళ మడి ఒకటి పోతుంది. మడి దక్కాలంటే ఆ పొద్దు తిరిగేలోగా అదే కడుపున పుట్టిన ఇంకొకరిని ఎక్కించాలి.

ఇస్కెనా పెద్దకూతురు మియురాకి పదహారేళ్ళు. ఇది ఎనిమిదో రోజు. గుమ్మంలోంచి చూస్తే ఇవతలి బండ మీద తెల్లగా ఒక చుక్క. ఇస్కెనా రోజంతా దాన్నే చూస్తుంది.

"పోనీ మావా." ఆమె గొంతు దిగింది. "ఒక్క చుక్క తేనె పెదాలకి రాసి వచ్చేస్తా. కిందటి యుద్ధంలో కుమ్మరోళ్ళ పిల్లాడికి మేనత్త రాయలా?"

"రాసింది. దొరికిపోయింది. మన పై మడి పోయింది. ఆ పప్పులు ఇప్పుడు ఉడకవు. రెండు ఊళ్ళ పెద్దలం కూర్చుని కట్టుబాటు మార్చేశాం."

"ఏం మార్చారు?"

"ఆడాళ్ళకెందుకే అవన్నీ?"

వెళ్ళిపోయారు.

తొమ్మిదో రోజు పొద్దున్నే మంచు దిగింది. చెయ్యి చాపితే చెయ్యి కనపడనంత మంచు. ఇస్కెనా చిన్నకూతురు పెష్కాని రోలు దగ్గర కూర్చోబెట్టింది.

"దంచుతూనే ఉండు. నేను ఇంట్లోనే ఉన్నాననుకోవాలి ఊరు. ఆపావో, వీపు చీరేస్తా."

"రోట్లో ఏం లేదుగా అమ్మా?"

"లేకపోయినా దంచు."

గీత దాటింది. ఇవతలి బండ వైపు పోలేదు. పోతే, తిండి పెట్టి వచ్చిందంటారు. ఎగువకి పోయి, నడుంలోతు నీళ్ళలో ఏరు దాటింది.

బండ ఎక్కిన శత్రువు మాట వింటే వంశం మిగలదు. మొహం చూస్తే కళ్ళు పోతాయి. పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు ఇది. ఇస్కెనా చెవుల్లో మైనం కుక్కుకుంది. దొరాక్ కాపలావాళ్ళు నెగడు చుట్టూ మూగి ఉన్నారు. కళ్ళు గట్టిగా మూసుకుని, తడుముకుంటూ బండ వెనక నుంచి వెళ్ళి, కంబళి మీంచే ముక్కూ నోరూ కలిపి అదిమింది.

కంబళి కింద ఒళ్ళు ఎండుపుల్లలా ఉంది. అరచేతి కింద పెదాలు కదిలాయి. ఒకటే ముక్క, మళ్ళీ మళ్ళీ.

మంత్రం ఎత్తుకుంది, అనుకుంది ఇస్కెనా. ఇంకా గట్టిగా నొక్కింది.

కంబళిలోంచి ఒక చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దించలేదు. ఊరికే పట్టుకుంది. కాసేపటికి వదిలేసింది.

"ఏడిస్తే నీ తల్లి ఏడవనీ," అంది ఇస్కెనా పళ్ళ మధ్య నుంచి. "నా బిడ్డ మాత్రం లేవాలి."

పెద్దలు చావడిలో జావ తాగుతున్నారు. మైనం పీకి పారేస్తూ ఆమె వాళ్ళ మధ్యలోకి వచ్చి పడింది.

"గెలుపు కొమ్ము ఊదండి! అవతలిది చచ్చింది! నా బిడ్డని లేపండి, పాలు కాచండి!"

ఒర్దాన్ ఆమె తడి బట్టల వైపు చూశాడు. "ఏరు దాటావా?"

"దాటాను. ఈ చేతుల్తోనే చంపాను. గీత దాటినందుకు నన్ను ఏం చేసుకుంటారో చేసుకోండి. ముందు కొమ్ము ఊదండి మావా!"

అవతల ఆమె ఇంట్లో ఉత్త రోలు ఇంకా మోగుతూనే ఉంది. ఒర్దాన్ గిన్నె కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు.

"ఆ తేనె గొడవ అయినప్పటి నించీ మన మనిషిని వాళ్ళ బండ మీద, వాళ్ళ మనిషిని మన బండ మీద కూర్చోబెడుతున్నాం కోడలా, పో, ఆ రోలు ఆపించి నీ చిన్నదాన్ని తీసుకురా."