బెల్టు పట్టుకునేవాడు

మిసిసిపీ నది కట్ట తెగి, నీళ్లు పోస్టాఫీసు కిటికీల దాకా వచ్చిన ఏడాది అది.

ఆ వరదలోనే ఓర్విల్ ఊళ్లోకి వచ్చాడు. సరుకు పడవల్లో తాళ్లు లాగే మనిషి. పడవ నిలిచిపోయింది. తనూ నిలిచిపోయాడు.

ఆకులు రాలే నాటికి కాలేజీ ఫుట్‌బాల్ మైదానంలో తేలాడు. కోచ్ హాల్వర్సన్ వెనక, ఆయన బెల్టు పట్టుకుని.

అదే అతని పని. కోపమొస్తే కోచ్ గీత దాటి మైదానంలోకి దూకేస్తాడు. దూకితే శిక్ష జట్టుకి పడుతుంది. అందుకని వెనక్కి లాగే మనిషొకడు ఉండాలి.

"పొగరుబోతు ఎద్దుకి పలుపు కట్టారు," అని జనం నవ్వారు.

డెల్మర్ మాత్రం నవ్వలేదు.

డెల్మర్ సహాయ కోచ్. ఆట జరుగుతుంటే హెడ్‌సెట్ మైకులో కోచ్‌కి సలహా చెప్పేది అతనే. ఏళ్ల తరబడి చెబుతున్నాడు. వరద తర్వాత జ్వరం వచ్చి లేచాక కోచ్ తీరు మారింది. గొంతు పెద్దదైంది. ఎవరి మాటకీ బదులివ్వడు. గర్వమని ఊరనుకుంది.

బంతి మైదానం అవతలి కొసనున్న గీత దాటితే ఆరు పాయింట్లు. ఆ తర్వాత ఇంకొక్క అవకాశం. కాలితో తన్ని గోలు కొయ్యల మధ్య నుంచి పంపితే ఒకటి. అది దాదాపు ఖాయం. మళ్లీ గీత దాటిస్తే రెండు. అది జూదం. ఒకటా, రెండా అన్నది కోచ్ వేళ్లతో చూపిస్తాడు.

"రెండుకెళ్దాం కోచ్!" అని డెల్మర్ మైకులో అరుస్తాడు.

కోచ్ పలకడు. తల కూడా తిప్పడు.

వెనక ఓర్విల్ బెల్టు రెండుసార్లు గుంజుతాడు. అప్పుడు లేస్తాయి కోచ్ వేళ్లు.

డెల్మర్‌కి ఒళ్లు మండిపోయేది.

"నా మాట విని, సరేనా అని వాణ్ణి అడుగుతున్నాడు! తాళ్లు లాగేవాణ్ణి!" అన్నాడు ఇంట్లో.

"చివరికి నువ్వు చెప్పిందేగా చేస్తున్నాడు?" అంది భార్య మావిస్.

"వాడు ఊఁ అంటేనే చేస్తున్నాడే!"

"కుళ్లుబోతుతనం ఆపి తిను. బంగాళాదుంపలు చల్లారిపోతున్నాయి."

తినబుద్ధి కాలేదు.

ఇంకోటి కూడా ఉంది. ఆటంతా ఓర్విల్ బంతి వంక చూడడు. డెల్మర్ మూతి వంకే చూస్తాడు.

"ఏమయ్యా, నా మూతికేమైనా అంటుకుందా?"

"లేదు సార్. మీరు చెప్పండి, చెప్పండి," అనేవాడు ఓర్విల్.

ఆ మాట వింటే డెల్మర్‌కి ఇంకా మండేది. వీడెవడు నన్ను చెప్పమనడానికి?

ఆఖరి ఆట ముందు రోజు డెల్మర్ కాలేజీ ఆఫీసుకి వెళ్లాడు. జీతం లేని మనిషి, బ్యాడ్జీ లేని మనిషి గీత పక్కన నిలబడటం రూలు కాదన్నాడు.

నిజమే. రూలు కాదు.

ఓర్విల్‌ని వెళ్లిపొమ్మన్నారు. సంచి భుజాన వేసుకున్నాడు. వరద తీసింది, పడవలు మళ్లీ తిరుగుతున్నాయి.

"ఆయన వెనక మనిషుండాలి సార్. మీరే పట్టుకోండి," అన్నాడు వెళ్తూ.

"తోకలు పట్టుకునే పని నాది కాదు."

మర్నాడు మైదానంలో కోచ్ వెనక్కి చూసుకున్నాడు. "ఓర్విల్ ఏడీ?"

"ఆఫీసు వాళ్లు పంపేశారు," అన్నాడు డెల్మర్, వంగి బూటు లేసు కట్టుకుంటూ.

"నా వైపు తిరిగి చెప్పు."

డెల్మర్ తలెత్తి చెప్పాడు.

కోచ్ మొహం పాలిపోయింది. "అయితే ఇవాళ నేనొక్కణ్ణే."

"నేను లేనా?" అన్నాడు డెల్మర్.

అప్పటికే కోచ్ అటు తిరిగిపోయాడు.

ఆట ఆఖరి నిమిషం. ఏడు పాయింట్లు వెనకబడ్డ జట్టు బంతిని గీత దాటించింది. ఆరు వచ్చాయి. ఇంకా ఒకటి వెనక.

అదే క్షణాన డెల్మర్ చెవిలోకి గ్యాలరీ పై గది నుంచి కబురొచ్చింది. కప్పు కోసం పోటీ పడుతున్న జట్టు అవతలి ఊళ్లో ఓడిపోయింది. ఇక గెలవక్కర్లేదు. సమమైతే చాలు, కప్పు మనదే.

"ఒకటి చాలు కోచ్! తన్నించండి! వాళ్లు ఓడిపోయారు, సమం చాలు!"

గొంతు చించుకున్నాడు.

కోచ్ చెయ్యి వెనక్కి వెళ్లింది. తన బెల్టు తానే తడుముకుంది. అక్కడెవరూ లేరు.

రెండు వేళ్లు లేచాయి.

బంతి పట్టుకున్నవాడు గీతకి జానెడు ముందు బురదలో కూలిపోయాడు.

కప్పు పోయింది.

"నేను చెప్తే వినవా? వాడు ఊఁ అంటేనే వింటావా?" డెల్మర్ వెంటపడి అరిచాడు.

కోచ్ తల దించుకుని నడిచి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే డెల్మర్ కోచ్ ఇంటికి బయల్దేరాడు. ఉద్యోగం ఆయన మొహాన కొట్టి రావాలని.

కోచ్ వెనక వరండాలో నిలబడి కాఫీ తాగుతున్నాడు. నది వైపు తిరిగి.

"కోచ్!"

తిరగలేదు.

"కోచ్ హాల్వర్సన్!" డెల్మర్ తలుపు ధడాలున వేశాడు. పక్కింటి కుక్క ఉలిక్కిపడి మొరిగింది.

ఆయన వీపు కదల్లేదు.

డెల్మర్ మెల్లగా దగ్గరికి వెళ్లాడు. ఇంకేం చేయాలో తోచక, వెనక నుంచి బెల్టు పట్టుకుని ఒక్కసారి గుంజాడు.

"వచ్చావా ఓర్విల్!" అన్నాడు కోచ్, నది వంకే చూస్తూ. "ఒక్కటా... నిన్న డెల్మర్ చెప్పింది ఒక్కటేనట్రా?"