జూన్‌లో చచ్చే కాంట్రాక్టు

“ఆ టిబ్స్‌గాణ్ణి వదిలించుకోండి” అన్నాడు డీకన్.

కిటికీ అవతల బఫెలో ఊరంతా మంచు కింద మునిగి ఉంది. బల్ల మీద వేయించిన కోడి రెక్కలు చల్లారిపోయాయి. ఆటగాళ్ళ మార్పిడికి గడువు మధ్యాహ్నం మూడింటితో సరి. గంట కూడా లేదు.

బఫెలో ఫెర్రీమెన్ బాస్కెట్‌బాల్ జట్టుకి ఒక కుర్రాడు కావాలి. అమారీ బూత్. టల్సా జట్టులో ఆడుతున్నాడు. అతను వస్తే ఈ ఏడు కప్పు మీద ఆశ పెట్టుకోవచ్చు. రాకపోతే ఏప్రిల్‌లోనే ఇళ్ళకి పోవచ్చు.

అడ్డం వచ్చింది జీతాల గీత. జట్టు మొత్తం జీతాలు ఇంతకు మించకూడదని లీగు గీసిన గీతని ఫెర్రీమెన్ ఎప్పుడో దాటేశారు. గీత దాటినవాళ్ళు ఒకణ్ణి తెచ్చుకోవాలంటే, ఇంచుమించు అంత జీతమున్నవాణ్ణి వదులుకోవాలి. బూత్ జీతానికి తూగే పెద్ద జీతం జట్టులో ఒక్కటే. హార్లన్ టిబ్స్‌ది. ఈ ఏడు వాడు ఆడింది తక్కువ, మోకాలికి ఐసు పెట్టించుకున్నది ఎక్కువ.

మేనేజర్ ఎలియట్ ప్రూయిట్ గొంతు సవరించుకున్నాడు. “ఇంకో దారి ఉంది. బెంచి మీది కుర్రాళ్ళని ముగ్గుర్ని కలిపి పంపిస్తే లెక్క సరిపోతుంది.”

“ఏ బడిలో నేర్చుకున్నావయ్యా ఈ లెక్క?” అన్నాడు డీకన్, కాళ్ళు బారజాపుకుని. “వాళ్ళు రోజూ చెమటోడుస్తున్నారు. ఒకడికి మొన్ననే కూతురు పుట్టింది. కుంటి గుర్రానికి దాణా కోసం మూడు మంచి గుర్రాల్ని సంతకి తోలతావా?”

ప్రూయిట్ తల దించుకున్నాడు. డీకన్ అంటే అందరికీ అంతే. చర్చి పెద్దలా మొహం పెట్టి చివాట్లు పెడతాడని అతనికి ఆ పేరు. కోచ్‌లు మారారు, మేనేజర్లు మారారు, డీకన్ మారలేదు. జట్టు యజమానురాలు మిసెస్ వాండర్‌హూఫ్ అతన్ని అడగకుండా ఏ పెద్ద పనీ తలపెట్టదు.

“మార్చి కల్లా మోకాలు కుదురుకుంటుందన్నాడు కదా డాక్టరు” అన్నాడు కోచ్ రోవా నెమ్మదిగా.

“ఏ సంవత్సరం మార్చో చెప్పాడా?”

“విరిగిన వేలితో టిబ్స్ ఫైనల్లో ఆడిన ఆట ఈ ఊరు మరిచిపోతుందా?”

“ఆడాడు. ఓడాడు కూడా. ఆ రెండోది మీకెవరికీ గుర్తుండదేం?”

మిసెస్ వాండర్‌హూఫ్ చేతిరుమాలు తీసింది. “మా ఆయన పోయేముందు ఒక్కటే మాట చెప్పారు. టిబ్స్ మన జట్టు చొక్కా ఈ ఊళ్ళోనే విప్పాలని.”

“పోయినవాళ్ళు ఎన్నైనా చెప్తారు మేడం. వాళ్ళకి జీతాల గీత లేదు” అన్నాడు డీకన్. “అయినా మీ ప్రేమంతా టిబ్స్ మీదా, వాడి పేరుతో అమ్ముడుపోయే చొక్కాల మీదా?”

ఆవిడ మొహం ఎర్రబడింది. “ఇందులో టల్సా వాళ్ళకేం లాభం?” అంది, మాట మారుస్తూ.

“వాళ్ళకి టిబ్స్ అక్కర్లేదు. వాడి కాంట్రాక్టు జూన్‌లో చస్తుంది. అదీ కావాల్సింది. అంత జీతం ఒక్కసారిగా లేచిపోతే ఆ ఖాళీలో ఎవరో పెద్ద ఆటగాణ్ణి తెచ్చుకుంటారు. శవం మీద కాదు మేడం వాళ్ళ కన్ను. శవం లేచాక ఖాళీ అయ్యే మంచం మీద.”

“అలా మాట్లాడకు డీకన్” అన్నాడు కోచ్.

“మరెలా మాట్లాడను? పాట పాడనా? టైం చూడండి.”

ప్రూయిట్ ఫోన్ అందుకుని ఆగిపోయాడు. “ఊరికి ఏం చెప్పుకోవాలి?”

“టిబ్సే పోతానన్నాడని చెప్పు. ముసలి ఎముకలకి బఫెలో చలి పడటం లేదన్నాడని చెప్పు. నాలుగు రోజులు తిడతారు. ఐదో రోజు బూత్ చొక్కాలు కొనుక్కుంటారు.”

ఇంకొక్క చిక్కు మిగిలింది. టిబ్స్ ఊ అనకుండా అతన్ని ఏ జట్టుకీ పంపడానికి వీల్లేదని కాంట్రాక్టులోనే రాసుంది. ముగ్గురూ డీకన్ వైపు చూశారు.

“ఊ అంటాడు. ఆ పూచీ నాది.”

ప్రూయిట్ టల్సాకి ఫోన్ కలిపాడు. అవతలి మేనేజర్ గొంతు గదంతా వినపడింది. అన్నిటికీ సరేనన్నాడు. పెట్టేసేముందు పకపకా నవ్వాడు. “మీ టిబ్స్ తాత నడిచొస్తాడా, లారీకెత్తి పంపుతారా?”

ఆ మాటకి నవ్వింది డీకన్ ఒక్కడే. కోచ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, ఇటు వీపు పెట్టి నిలబడ్డాడు. ప్రూయిట్ ఫోన్ బల్ల మీద పెట్టి, చల్లారిన కోడి రెక్కల వైపు చూస్తూ కూర్చున్నాడు.

“ఇంత చిన్న పనికి ఇంతమంది, ఇంతసేపు” అన్నాడు డీకన్, కోటు తొడుక్కుంటూ. “మిమ్మల్ని నమ్ముకుంటే ఈ జట్టు సరస్సులో దూకాల్సిందే. బూత్‌ని బాగా చూసుకోండి. ఆ ముగ్గురు కుర్రాళ్ళ జోలికి వెళ్ళకండి.”

మిసెస్ వాండర్‌హూఫ్ ఏదో అనబోయింది. అతను చెయ్యి అడ్డంగా ఊపి బయటికి నడిచాడు.

కార్ల దగ్గర ఎవరూ లేరు. అద్దం మీది మంచు మోచేత్తో తుడిచి, లోపల కూర్చుని, ఊపిరి కుదుటపడ్డాక ఇంటికి ఫోన్ చేశాడు.

“సామాను సర్దు వెర్నా, నన్ను నేనే అమ్మేసుకొచ్చాను” అన్నాడు హార్లన్ టిబ్స్.