నాలుగు గంటల స్కూటీ

గేటు ముందు స్కూటీ ఆగిన చప్పుడు వినగానే బలరాం ముఖం విచ్చుకుంది. వంటింటి గుమ్మంలోంచి సత్యవాణి అది గమనించింది. పది రోజులుగా గమనిస్తూనే ఉంది.

"వాణీ, డోర్కాస్ వచ్చింది. టీ పెట్టు" అన్నాడు బలరాం.

ముప్పై ఏళ్ళ కాపురంలో తన అడుగుల చప్పుడుకు భర్త ముఖం అలా ఎప్పుడు విచ్చుకుందో సత్యవాణికి గుర్తు రాలేదు.

అంతా హిందీ మాట్లాడే ఆ ఊళ్ళో, కోహ్కా పేటలోని ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. బలరాం స్టీలు ప్లాంటు నుంచి ముందుగానే రిటైర్మెంటు తీసుకున్నాడు. ఆయనకు తెలుగు పుస్తకాలంటే ప్రాణం. డోర్కాస్ పక్కనున్న ఖుర్సీపార్‌లో కంప్యూటర్ క్లాసులు చెబుతుంది. ఇంకా నలభై దాటలేదు. మూలపడి ఉన్న కంప్యూటర్‌ను దులిపి లినక్స్ అనే ఉచిత సిస్టం వేసింది ఆవిడే. పెన్‌డ్రైవ్ నిండా మూడు వందల తెలుగు పుస్తకాలు, వాటిని తెరిచే ఒక యాప్ తెచ్చిందీ ఆవిడే.

చిక్కంతా ఆ యాప్‌తోనే వచ్చింది. కంప్యూటర్‌లో మిగతావన్నీ బలరాం చెప్పినట్టు వింటున్నాయి. ఇది మాత్రం ఉలకదు, పలకదు. మెనూలో వెతికితే దొరకదు. పెన్‌డ్రైవ్ పెడితే అందులో ఏమీ లేదంటుంది.

"ఇలాంటి యాప్‌లని గదిలో పెట్టి తాళం వేసి ఇస్తారు భయ్యా, సేఫ్టీ కోసం" అని డోర్కాస్ మొదటి రోజే చెప్పింది. "లోపల బాగానే ఉంటాది. బయట సిస్టంలో ఏముందో దానికి తెలీదు. ఒక్కో తలుపూ మనమే తియ్యాలి."

ఆ తలుపులు తీయడానికే రోజూ నాలుగింటికి వస్తోంది. మూడో రోజుకు పెన్‌డ్రైవ్ దారికొచ్చింది. మరో రెండు రోజులకు యాప్ పేరు మెనూలో చేరింది. ఒకటి తెరుచుకుంటే ఇంకొకటి మూసుకుని ఉండేది. డోర్కాస్ ఇంటికెళ్ళి ఇంటర్నెట్‌లో వెతికి, మర్నాడు కొత్త కమాండ్లు రాసుకుని వచ్చేది. ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటే గంటన్నర ఇట్టే గడిచిపోయేది.

ఆ గంటన్నర సత్యవాణిది. ఎన్నో ఏళ్ళుగా ఆ వేళకు ఆయనా తనూ వరండాలో కూర్చునేవాళ్ళు. ఇప్పుడా వేళ ఆమె వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. కడిగినవే మళ్ళీ కడుగుతోంది.

ఒక సాయంత్రం ఆమె టీ పట్టుకెళ్ళేసరికి, డోర్కాస్ ఆయన చూపుడువేలు పట్టుకుని కీబోర్డు మీద ఏదో బటన్‌పై పెడుతోంది. సత్యవాణిని చూసి కూడా ఆ చెయ్యి వదల్లేదు. కప్పులు బల్ల మీద పెట్టేటప్పుడు టీ ఒలికింది. నోటితో మాత్రం భయ్యా అంటుంది, అనుకుంది సత్యవాణి.

మర్నాడు ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. ఎందుకు కట్టుకుందో తనకే తెలియదు.

"చీర బాగుంది వదినా. మీకు నప్పింది" అంది డోర్కాస్.

బలరాం "అలాగా" అన్నాడు. ఆ వెంటనే యాప్ సంగతి అడిగాడు. యాభై మూడేళ్ళ వయసులో ఇదేం పాడుబుద్ధి అని తనను తానే తిట్టుకుంటూ సత్యవాణి లోపలికెళ్ళి చీర మార్చుకుంది.

ఆదివారం డోర్కాస్ చర్చికి వెళ్ళింది కాబట్టి రాలేదు. బలరాం రోజంతా ఆవిడ కబుర్లే చెప్పాడు. ఎంత ఓపికో, ఎంత తెలివో అన్నాడు. సత్యవాణి నాలుగింటికి వరండాలోకి రమ్మంటే, ఇంకో రెండు రోజులు ఆగమని కంప్యూటర్ దగ్గరే ఉండిపోయాడు.

సోమవారం వెళ్ళబోతూ డోర్కాస్ గుమ్మంలో ఆగింది.

"బస్, ఇంకంతే భయ్యా, ఒక్క తలుపే మిగిలింది. రేపు అదీ తీసేస్తాను. ఇక మీకు ఎవరితోనూ పనుండదు."

బలరాం పెద్దగా నవ్వాడు. ఆ ఇంట్లో అలాంటి నవ్వు వినపడి చాలా కాలమైంది.

మర్నాడు మూడింటికి పెరట్లోకి వెళ్ళి డోర్కాస్‌కు ఫోన్ చేసింది.

"ఇంక నువ్వు రానక్కర్లేదు. ఆయనకి వద్దట."

"భయ్యానే అలా అన్నారా వదినా?"

"ఆయనే అన్నారు."

పది నిమిషాల పనేనని డోర్కాస్ చెప్పబోయింది. సత్యవాణి ఫోన్ పెట్టేసింది.

నాలుగైంది. బలరాం కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వీధిలో స్కూటీ వెళ్ళినప్పుడల్లా తల ఎత్తాడు. ఒక్కటీ ఆగలేదు. ఐదింటికి, ఒకసారి ఫోన్ చేసి కనుక్కోమని భార్యను అడిగాడు. చేశాననీ, ఎత్తలేదనీ చెప్పిందామె.

"చెప్పకుండా మానేసే మనిషి కాదే" అన్నాడు. "నువ్వేటైనా అన్నావా?"

సత్యవాణి బల్ల మీది కప్పులు సర్దింది. ఆయన మళ్ళీ అడగలేదు. కంప్యూటర్ ఆపేశాడు. గోడ పట్టుకుని నెమ్మదిగా వరండాలోకి నడిచి తన కుర్చీలో కూర్చున్నాడు.

"సర్లే. నువ్వున్నావు కదా" అన్నాడు.

ఆమె కోరుకున్న మాట అదే. విన్నాక మాత్రం సంతోషం కలగలేదు; లోపలికెళ్ళి పుస్తకం తీసుకుంది. వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

హిందీ బడిలో చదువుకుని, పదకొండేళ్ళ కిందట ఆయన చూపు పూర్తిగా పోయాక ఆయన కోసమే తెలుగు అక్షరాలు దిద్దుకున్న సత్యవాణి, రెండు వారాల కిందట ఆపేసిన పేజీ తెరిచి, ఆ చివరి తలుపు తెరుచుకుంటే కంప్యూటరే చదివి వినిపించేదాన్ని, ఆయనకు తానే గట్టిగా చదవడం మొదలుపెట్టింది.