కొంగు చాటున

"నా వల్ల కాదు. చస్తే చస్తా!"

కరుణమ్మ నోట్లోని చెక్కబద్దలు లాగి విసిరేసింది.

అవి వెళ్ళి ఆసుపత్రి వసారా చివర కూర్చున్న పెద్దావిడ కాళ్ళ దగ్గర పడ్డాయి.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. నరసరావుపేటలో ఒక చిన్న ఆసుపత్రి. పొగాకు కాడ నమిలి బుగ్గలో పుండు లేచిన ఆడవాళ్ళు కొందరు మద్రాసు వెళ్ళి రేడియం పెట్టించుకొచ్చారు. పుండ్లు మానాయి. కానీ దవడలు బిగుసుకుపోసాగాయి.

కరుణమ్మ నోట్లోకి చిటికెన వేలు కూడా కష్టంగా దూరుతుంది. గంజి తప్ప ఏదీ దిగదు. నాదెండ్లలో మిరపకోతల్లో అందరికన్నా ముందు నడిచిన మనిషి, ఇప్పుడు కొయ్యకు చీర చుట్టినట్టుంది.

డాక్టరు ఆనందరావు వడ్రంగి చేత పలుచని బద్దలు చెక్కించాడు. కొన్నింటిని పళ్ళ మధ్య పెట్టుకుని, నొప్పి ఓర్చుకుంటూ, వాటి నడుమకు ఇంకొకటి దూర్చాలి. ప్రతి శనివారం అందరినీ వసారాలో కూర్చోబెట్టి నోరు ఎంత తెరుచుకుందో కొలుస్తాడు.

పెద్దావిడ వంగి బద్దలు ఏరింది.

ఆవిడ పేరు నాగేంద్రమ్మ. గురజాల వైపు రైతు కుటుంబం. శనివారం శనివారం మాచర్ల రైలుబండి దిగి వస్తుంది. ముక్కూ నోరూ కొంగుతో కప్పుకుని దూరంగా కూర్చుంటుంది. పలకరిస్తే పలకదు. మంచినీళ్ళిచ్చినా పుచ్చుకోదు.

ఒక చేత్తో కొంగు అలాగే పట్టుకుని, రెండో చేత్తో బద్దలను తన చీరకే తుడిచి, తెచ్చి కరుణమ్మ ఒళ్ళో పెట్టింది. పెట్టుకోమని సైగ చేసి, వెళ్ళి తన చోట కూర్చుంది.

"అబ్బో! మన ఎంగిలి ముట్టుకుందే!" అంది పక్కనున్న మణెమ్మ.

"ఇంటికి పోయి తలకి పోసుకుంటదిలే అక్కా. మన నోళ్ళు కంపు కొడతన్నయ్యని కొంగే తియ్యదు. ఏంది ఆ గొప్ప?" అంది కరుణమ్మ.

"పెద్దింటోళ్ళమ్మా! డాక్టరు కూడా ఆమెని లోపలికి పిలిచి మాట్లాడతాడు. మనకేమో ఈ వసారా."

ఆ మనిషి ముందు మాత్రం ఏడవకూడదనుకుంది కరుణమ్మ. కోపంతోనే బద్దలు మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

వారాలు గడిచాయి. చూపుడు వేలు పట్టింది. తర్వాత రెండు వేళ్ళు. మిరపకోతల నాటికి మూడు.

కరుణమ్మ కళ్ళనీళ్ళతో బద్ద దూర్చుకునేటప్పుడల్లా నాగేంద్రమ్మ తన చోటు నుంచి ముందుకు వంగి చూసేది.

"తమాషా చూస్తంది," అనేది మణెమ్మ.

ఒక శనివారం కరుణమ్మ జొన్నసంకటి, గోంగూర తెచ్చింది. నోరారా ఒక ముద్ద తిని, కారానికి ముక్కు చీదుకుని, అందరికీ ఆకుల్లో పెట్టింది. చివరికి కావాలనే నాగేంద్రమ్మ ముందుకు వెళ్ళింది.

"తినండి అమ్మగారూ. మా చేతిదైనా సంకటి సంకటే గదా!"

నాగేంద్రమ్మ తల అడ్డంగా ఊపింది.

మణెమ్మ కిసుక్కున నవ్వింది.

పెద్దావిడ కాసేపు ఆ ముద్ద వంక చూసింది. తర్వాత చెయ్యి చాచి ఆకుతో సహా తీసుకుంది. జాగ్రత్తగా పొట్లం కట్టుకుని బయలుదేరింది.

"బయట కుక్కకి వేసుద్ది," అంది కరుణమ్మ, ఆవిడకు వినబడేలా.

మరుసటి శనివారం నాగేంద్రమ్మ రాలేదు. ఆ పైవారమూ రాలేదు.

"అమ్మగారికి ఇంకా మైల తీరలేదేమో!" అంది మణెమ్మ.

కరుణమ్మ పెద్దగా నవ్వింది. నోరంతా తెరిచి నవ్వింది.

ఆనందరావు చేతిలోని కొలబద్ద కింద పెట్టాడు.

"ఆవిడ పోయింది."

నవ్వు ఆగిపోయింది.

"ఏం జబ్బయ్యా?"

"నీ జబ్బే, కరుణమ్మా."

"మరి బద్దలు పెట్టుకోంగా ఏనాడూ చూళ్ళేదే?"

"మొదట్లో ఇవ్వలేదు."

"ఎందుకియ్యలా?"

"నోరు తెరుచుకునేది బద్దల వల్లనో, రోజులు గడిస్తే దానంతటదే వదులవుతుందో నాకప్పుడు తెలియదు. తెలియాలంటే బద్దలు లేకుండా కొందరుండాలి. మీకన్నా ముందొచ్చినవాళ్ళని అడిగితే అందరూ మొహం తిప్పుకున్నారు. 'ఎవరో ఒకరుండాలిగా బాబూ, నేనుంటాలే' అంది ఆవిడ. ఆవిణ్ణి చూసి ఇంకొందరు ఒప్పుకున్నారు. వాళ్ళు బుధవారాలొస్తారు."

"మరి ఆమె శనివారం..."

"మీ నోళ్ళు తెరుచుకోవడం కళ్ళారా చూస్తానంది."

మణెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తేడా తేలగానే అందరికీ బద్దలిచ్చాను. మిగతావాళ్ళు తేరుకుంటున్నారు. ఆవిడ పళ్ళ మధ్య మాత్రం అప్పటికే ఒక్క బద్ద దూరే సందు కూడా లేదు. చివరికి గంజి కూడా దిగలేదు."

కరుణమ్మ లేచి డాక్టరు ముందుకొచ్చింది.

"నా ముద్దేం చేసిందయ్యా?"

"కోడలు చెప్పింది. నీళ్ళలో పిసికి, గుడ్డలో వడగట్టి, పళ్ళ సందుల్లోంచి తాగిందట. కారం బాగా కుదిరిందని చేత్తో చూపించిందట."



"మాతో ఒక్క మాట చెప్పకూడదా? ఆ కొంగన్నా తియ్యకూడదా?" అని అరిచింది కరుణమ్మ.

"నేనూ అడిగాను," అన్నాడు ఆనందరావు. "నోరు బొత్తిగా మూసుకుపోకముందు ఆవిడ నాతో అన్న చివరి మాట అదే: 'కొంగు తీస్తే వసారాలో ఆ పిల్లలు చూసి ఊరుకోరు బాబూ, వాళ్ళ బద్దలు తెచ్చి నా నోట్లో పెడతారు.'"