మా ఓట్లతో గెలిచినవాడు

లెమ్యూయెల్ పెటిఫోర్డు కారు తలుపు పూర్తిగా తెరవనేలేదు. తిట్లు లోపలికి వచ్చేశాయి.

"దిగవయ్యా పెద్దమనిషీ, దిగు! నీ దివ్యమంగళ ముఖం చూద్దామని బాల్టిమోర్ నుంచి బస్సు కట్టించుకుని వచ్చాం!"

ఆ గొంతు మిస్ ఒడెల్‌ది. ముప్ఫయ్యేళ్లు ఫెరాండ్ వీధి బడి ముందు నిలబడి, ఈల ఊదుతూ పిల్లల్ని రోడ్డు దాటించిన మనిషి. ఉద్యోగంతో పాటు ఈల పోయింది గానీ గోల పోలేదు.

ఆమె వెనక మరో నలభై మంది. అందరూ ఆ వీధి వాళ్లే. రాష్ట్ర రాజధాని అన్నాపొలిస్‌లో, ఇటుక బాట మీద, శాసనసభ మెట్లకు అడ్డంగా నిలబడ్డారు.

గొడవంతా ఒక మద్యం దుకాణం గురించి. బడికి సరిగ్గా ఎదురుగా పెడతానంటున్నాడు పేటలో పలుకుబడి ఉన్న వ్యాపారి బ్రికస్. బాల్టిమోర్లో అలాంటి చోట సీసా అమ్మాలంటే శాసనసభలో బిల్లు కావాలి. ఆ సభకో ఆనవాయితీ ఉంది. ఊరి బిల్లు ఊరి ప్రతినిధులే తేల్చుకోవాలి. ఊరు 'ఊ' అంటే రాష్ట్రమంతా 'ఊ' అంటుంది. ఊరి ప్రతినిధులేమో ఆ పేట ప్రతినిధుల ముఖం చూస్తారు. పేటకు ముగ్గురు. ఒకరు సీసా వైపు. ఒకరు బడి వైపు. మద్యానికీ బడికీ మధ్య మిగిలింది పెటిఫోర్డు.

ఇంకో అరగంటలో ఓటింగు.

"నేను ఇంకా ఏమీ నిర్ణయించుకోలేదమ్మా," అన్నాడు పెటిఫోర్డు.

"నిర్ణయించుకోలేదా! మేం నిన్ను నిర్ణయించుకున్నాం కదయ్యా, అదీ మా ఖర్మ! జోరున వాన. మోకాళ్లు రెండూ కర్రల్లా బిగుసుకుపోయాయి. రెండు గంటలు లైన్లో నిలబడి నీకు ఓటేశాను. ఎందుకు? మా బడి ముందు బారు తెరుస్తావనా? మందు ముందా, మనుషులు ముందా? చెప్పు!"

పెటిఫోర్డు ఏదో అనబోయాడు. అని ఉంటే ఆ నలభై నోళ్లూ ఠక్కున మూతపడేవి. కానీ మింగేశాడు.

మంగలి రుడెల్ ముందుకు తోసుకొచ్చాడు. "నేను కళ్లజోడు మరిచిపోయి వెళ్లానన్నా ఆ రోజు. అయినా వెతికి వెతికి పట్టుకున్నాను. కింది నుంచి మూడో పేరు నీది. ఆ గడిలో నలుపు దిద్దిన చెయ్యి ఇదే. దీన్నిప్పుడు కత్తితో కోసుకోవాలనిపిస్తోంది."

"నీ కత్తితోనా? గడ్డమే తెగదు, ఇక చెయ్యేం తెగుతుంది!" అన్నారెవరో. నవ్వులు. పెటిఫోర్డుకు మాత్రం నవ్వు రాలేదు.

చేపల వేపుడు బండి కేటో అరిచాడు. "మా ఇంట్లో ఏడు ఓట్లు. ఏడూ నీకే గుద్దాం. నువ్వు ప్రతినిధివి అనుకుని వేశాం. ప్రతి నిధికీ చేయి చాచేవాడివని తెలిస్తే ఏడుకి ఏడూ చెరువులో వేసేవాళ్లం!"

"నేనెవరి దగ్గరా చేయి చాచలేదు!"

"అయితే ఆ చేయి ఇప్పుడెత్తి చూపించు. బడి వైపు!"

పెటిఫోర్డుకు ఒళ్లు మండిపోయింది. ఒక్కొక్కళ్లనీ పట్టుకుని, ఆ వాన ఎప్పుడు కురిసిందో చెప్పమని నిలదీయాలనిపించింది. నోరు నొక్కుకుని గుంపును చీల్చుకుంటూ మెట్లెక్కాడు. వెనకనుంచి ఎవరో "ఓటు తిన్నోడా!" అన్నారు. ఆ మాట తేనెటీగలా చెవిలో దూరి అక్కడే గూడు కట్టింది.

సమావేశం గది గుమ్మంలో బ్రికస్ నిలబడి ఉన్నాడు. చిరునవ్వుతో పెటిఫోర్డు టై సరిచేశాడు.

"కాకులు అరుస్తూనే ఉంటాయి లెమ్. ఎవరి పుణ్యాన ఇక్కడున్నావో నీకు తెలుసు. నాకూ తెలుసు. ఒక్క ముక్క 'అవును' అను. చాలు."

లోపల బల్ల చుట్టూ ఊరి ప్రతినిధులు. గోడ పొడుగునా ఫెరాండ్ వీధి. మిస్ ఒడెల్‌కు ఎవరో కుర్చీ ఇచ్చారు. ఆమె కూర్చోలేదు. కర్రల్లా బిగుసుకున్న ఆ మోకాళ్ల మీదే నిలబడింది. గుమాస్తా ముందుగా పేట ముగ్గురి పేర్లు పిలవసాగింది. మొదటివాడు సీసాకు ఓటేశాడు. రెండో ఆవిడ బడికి వేసింది. మిగతా ఊరి ప్రతినిధులంతా పెటిఫోర్డు పెదవుల వైపు తిరిగారు.

ఆయన గోడ వైపు చూశాడు. మిస్ ఒడెల్‌ది ఒకటి. మంగలిది రెండోది. చేపలవాడివి ఏడు. కళ్లతోనే కూడుకుంటూ పోయాడు. ఎన్ని ఓట్లు! ఎంత నమ్మకంగా వేశారు! ఒక్కళ్ల కళ్లలోనూ సందేహం లేదు.

"పెటిఫోర్డు?" అంది గుమాస్తా.

"వ్యతిరేకం."

బ్రికస్ కుర్చీ కిర్రుమంది. మిగతా ప్రతినిధులు ఒకరి వెనక ఒకరు 'వ్యతిరేకం' అన్నారు. బిల్లు అక్కడికక్కడే చచ్చింది. బ్రికస్ పోతూ పోతూ పెటిఫోర్డు చెవి దగ్గర ఆగి, "విశ్వాసం లేని కుక్క," అనేసి బయటికి నడిచాడు.

మిస్ ఒడెల్ దగ్గరికొచ్చింది. మెచ్చుకుంటుందేమో అనుకున్నాడు.

"ఈ ముక్కేదో పొద్దున్నే చెప్పి చావొచ్చుగా! నా గొంతు ఎండిపోయింది," అంది. తర్వాత ఆయన భుజం మీద ఒక్కటి చరిచింది. "సరేలే. వచ్చే ఎన్నికల్లో మళ్లీ నీకే వేస్తాం."

"మళ్లీ," అన్నాడు పెటిఫోర్డు మెల్లగా.

పోయిన అక్టోబరులో పాత ప్రతినిధి కన్నుమూస్తే, ఉపఎన్నిక లేకుండానే మిగిలిన గడువుకి పెటిఫోర్డును ఆ కుర్చీలో కూర్చోబెట్టింది బ్రికస్‌తో కలిపి అయిదుగురున్న పేట పార్టీ కమిటీ. ఆయన పేరు ఇంతవరకు ఏ బ్యాలెట్టు మీదా అచ్చు కాలేదు.